కంపెనీ దగ్గరే కొనాలా, డీలర్ దగ్గరా: కారు బుక్ చేసే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

ఏ కారు కొనాలో తేల్చుకోవడానికి నెలల తరబడి వీడియోలు చూస్తాం, నలుగురినీ అడుగుతాం. ఎవరి దగ్గర కొనాలన్నది మాత్రం అరగంటలో తేల్చేస్తాం. ఇదివరకు దానివల్ల పెద్ద నష్టం ఉండేది కాదు, ఎందుకంటే ఈ డీలరా ఆ డీలరా అన్నదొక్కటే మన చేతిలో ఉండేది. ఇప్పుడలా లేదు. టెస్లా, రివియన్, లూసిడ్ అనే అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీలు మధ్యలో డీలరే లేకుండా తామే అమ్ముతున్నాయి. మెర్సిడెస్ బెంజ్ కొన్ని దేశాల్లో డీలర్‌ని ఉంచింది గానీ, రేటు చెప్పే అధికారం తీసేసి అతన్ని కమిషన్ ఏజెంటుగా మార్చింది, దీన్నే ఏజెన్సీ పద్ధతి అంటారు. ఇంకొన్నిచోట్ల మొదటి నుంచి చివరి దాకా ఆన్‌లైన్‌లో కొన్నట్టే ఉంటుంది, తీరా బిల్లు చూస్తే అమ్మింది డీలరే.

బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. అదే అద్దాల షోరూమ్, అదే టాబ్లెట్ పట్టుకుని ఎదురొచ్చే మనిషి. తేడా తెలియాలంటే మూడు విషయాలు అడగాలి: బిల్లు ఎవరి పేరు మీద వస్తుంది, రేటు తేల్చేది ఎవరు, రేపు బండి ఆగిపోతే బాగుచేసేది ఎవరు. ఈ మూడింటిలో జనం ఎక్కువగా పట్టించుకునేది రెండోదాన్ని. నన్నడిగితే మూడోదే ముందు చూడాలి. రేటులో తేడా ఒక్కసారి తగిలే దెబ్బ, సర్వీస్‌లో తేడా కారు ఉన్నన్నాళ్ళూ తగులుతూనే ఉంటుంది.

## దేన్ని బట్టి పోల్చాలి

మొదటిది, చివరికి మన ఖాతాలోంచి పోయే మొత్తం. బోర్డు మీద రాసిన రేటు కాదు. లోన్ వడ్డీ, ఇన్సూరెన్స్, ఎక్స్‌టెండెడ్ వారంటీ, హ్యాండ్లింగ్ ఛార్జీలంటూ తగిలించేవి, పాత కారుకి ఇచ్చేది, అన్నీ కలిపి వచ్చే ఒక్క అంకె.

రెండోది, ఆ రేటు ఎంతకాలం నిలుస్తుందన్నది. దీని గురించి ఎవరూ ముందు ఆలోచించరు, మనం కొన్న నెలకే అదే కారు చౌకైపోయినప్పుడు మాత్రం నిద్ర పట్టదు.

మూడోది సర్వీస్: సెంటర్ ఎంత దూరం, ఎన్ని రోజులకి అపాయింట్‌మెంట్ దొరుకుతుంది, యాక్సిడెంట్ అయితే బాడీ పని ఎవరు చేస్తారు, స్పేర్ పార్టులు ఎక్కడి నుంచి రావాలి. నాలుగోది, గొడవ వస్తే ఎవరి మీద ఫిర్యాదు చేయాలి. ఇవి కాక పాత కారు మార్పిడి, టెస్ట్ డ్రైవ్, డెలివరీకి పట్టే సమయం కూడా ఉన్నాయి, వీటి బరువు మనిషిని బట్టి మారుతుంది.

| చూడాల్సింది | మామూలు డీలర్ | కంపెనీ నేరుగా | ఏజెన్సీ పద్ధతి | ఆన్‌లైన్‌లో కనిపించే డీలర్ |
|---|---|---|---|---|
| బిల్లు ఎవరిది | డీలర్‌ది | కంపెనీది | కంపెనీది | డీలర్‌ది |
| రేటు తేల్చేది | డీలర్ | కంపెనీ | కంపెనీ | డీలర్, కాకపోతే ముందే కనిపిస్తుంది |
| బేరం | ఉంది, ఓపిక కావాలి | లేదు | కారు మీద లేదు | అంతంతమాత్రం |
| పాత కారు | అక్కడికక్కడే తీసుకుంటారు, బేరం ఉంది | తెర మీద ఒక అంకె, ఇష్టమైతే ఇవ్వాలి | ఎక్కువగా ఏజెంటుతో మాట్లాడుకోవాలి | డీలర్‌తోనే |
| సర్వీస్ | ఆ బ్రాండ్ డీలర్ ఎవరైనా చేస్తారు | ఎక్కువగా కంపెనీ సొంత సెంటర్లే | ఏజెంటు వర్క్‌షాప్ | డీలర్ వర్క్‌షాప్ |
| తలనొప్పి ఎక్కడ | రేటు తేలే దగ్గర | కొన్న తర్వాత | బాధ్యత ఎవరిదో తేలే దగ్గర | డెలివరీ రోజున |

పట్టిక చూసి తేల్చేసుకోకండి, ఒక్కో గడి వెనక చాలా కథ ఉంది.

## డీలర్ దగ్గర కొంటే

డీలర్ అంటే కంపెనీ మనిషి అనుకుంటాం. కాదు. అతను కంపెనీ దగ్గర కారు కొని మనకి అమ్మే వ్యాపారి, స్టాక్ మీద వడ్డీ కట్టుకునేది కూడా అతనే. అందుకే కంపెనీకి, డీలర్‌కి మధ్య వందేళ్ళ నుంచీ తగువులున్నాయి. 1920-21 మాంద్యంలో ఫోర్డ్ కంపెనీ తన డీలర్లు అడగని కార్లను కూడా వాళ్ళకి పంపించి డబ్బు కట్టించుకుంది. ఇలాంటి అనుభవాల తర్వాతే అమెరికాలో డీలర్లకు రక్షణగా చట్టాలు మొదలయ్యాయి, 1937లో విస్కాన్సిన్ రాష్ట్రం ముందు నడిచింది, ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉన్నాయి. ఇవి పుట్టింది కొనేవాళ్ళను కాపాడటానికి కాదు, డీలర్‌ని కంపెనీ నుంచి కాపాడటానికి. కొత్త కంపెనీలు నేరుగా అమ్ముతామని వచ్చినప్పుడు డీలర్ల సంఘాలు పట్టుకున్నది ఈ చట్టాలనే.

ఇక బేరం బల్ల దగ్గర ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. సేల్స్ మనిషి కాగితం తీసి రాయడం మొదలుపెడతాడు: కారు రేటు, పాత కారుకి ఇంత, లోన్ వాయిదా నెలకి ఇంత, ఇన్సూరెన్స్, పెయింట్ కోటింగ్, మ్యాట్లు. మీరు డిస్కౌంట్ అడిగితే 'మేనేజర్‌ని అడిగి వస్తా సార్' అని లోపలికి వెళ్ళి కాసేపాగి వస్తాడు. వచ్చాక కారు మీద కొంత తగ్గుతుంది. మీరు సంతోషపడతారు. ఈలోపు పాత కారు విలువ కొంచెం తగ్గి ఉంటుంది, లేదా నెలవాయిదా అలాగే ఉంచి ఇంకో ఏడాది వాయిదాలు కలిసి ఉంటాయి. డీలర్‌కి జేబులు చాలా ఉన్నాయి, ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకోగలడు. లోన్ విషయమే తీసుకోండి. అమెరికాలో ఫైనాన్స్ సంస్థ ఒక వడ్డీకి ఒప్పుకుంటే డీలర్ దాని మీద ఇంకొంచెం కలిపి మనకి చెప్పి, ఆ తేడాలో వాటా తీసుకోవడం మామూలే. వేరే చోట్ల పద్ధతి వేరుగా ఉండొచ్చు గానీ, లోన్ ఇప్పించినందుకు కమిషన్ వస్తుందన్నది దాదాపు అన్నిచోట్లా ఉన్న సంగతే.

కాబట్టి డీలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఈ లెక్కల్ని విడదీయండి. పాత కారుకి బయట రెండు మూడు చోట్ల రేటు అడిగి పెట్టుకోండి. బ్యాంకు దగ్గర లోన్ ముందే మాట్లాడుకోండి. అక్కడ మాత్రం ఒకే మాట అడగండి: 'అన్నీ కలిపి నేను కట్టాల్సింది ఎంత?' నెలవాయిదా గురించి మాట్లాడుతున్నంతసేపూ మీరు అతని ఆట ఆడుతున్నట్టే.

డీలర్ పద్ధతి ఎంత ఘోరంగా ఉండగలదో 2021, 2022లో అందరికీ తెలిసింది. చిప్‌ల కొరతతో కార్లు దొరక్కపోయేసరికి అమెరికాలో చాలామంది డీలర్లు కంపెనీ చెప్పిన రేటు మీద వేల డాలర్లు అదనంగా వేశారు, దానికి 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని పేరు పెట్టారు. ఫోర్డ్, జనరల్ మోటార్స్ తమ డీలర్లను హెచ్చరించాల్సి వచ్చింది. హెచ్చరించగలిగాయి అంతే, రేటు తేల్చే హక్కు డీలర్‌దే కదా.

అయితే అదే స్వేచ్ఛ మనకి కలిసొచ్చే రోజులూ ఉంటాయి. నెలాఖరు, మూడు నెలల లెక్క ముగిసే వారం, మోడల్ మారబోయే సమయం, ఇలాంటప్పుడు టార్గెట్ కోసం చూసే డీలర్ తన లాభం వదులుకుని మరీ అమ్ముతాడు. అమ్మకాల బోనస్ కంపెనీ నుంచి వస్తుంది కాబట్టి ఒక్క కారు మీద నష్టపోయినా అతనికి గిట్టుబాటు అవుతుంది. ఎవరికీ పట్టని రంగులో, యార్డులో నెలల తరబడి నిలబడి ఉన్న కారు అయితే ఇంకా మంచిది.

ఇంకో మేలు గురించి ఎవరూ చెప్పరు. వారంటీలో రిపేర్ చేస్తే డీలర్‌కి కంపెనీ డబ్బు ఇస్తుంది. అంటే ఆ పని వారంటీలోకి వస్తుందని తేలితే అతనికీ లాభమే. కంపెనీ సొంత సెంటర్‌కి అదే పని ఖర్చు కింద పడుతుంది. ఇది అన్నిసార్లూ మనకు అనుకూలంగా పనిచేస్తుందని కాదు, కానీ 'ఇది వాడకం వల్ల అరిగింది సార్, వారంటీ రాదు' అన్నప్పుడు ఇంకో డీలర్ దగ్గరికి వెళ్ళి రెండో మాట వినే వీలుంటుంది. నేరుగా అమ్మే కంపెనీ దగ్గర ఆ రెండో మాట చెప్పేవాడే ఉండడు.

## కంపెనీయే నేరుగా అమ్మితే

ముందు ఒక అపోహ పోవాలి. నేరుగా కొంటే డీలర్ లాభం మొత్తం మనకి మిగులుతుందని చాలామంది అనుకుంటారు. షోరూమ్ అద్దె, జీతాలు, స్టాక్ మీద వడ్డీ, డెలివరీ ఖర్చు, ఇవేవీ మాయమైపోవు, కంపెనీ నెత్తిన పడతాయి. మిగిలిన దాన్ని మనకి ఇవ్వాలా తనే ఉంచుకోవాలా అన్నది కంపెనీ ఇష్టం. కాబట్టి 'మధ్యవర్తి లేడు కాబట్టి చౌక' అన్న లెక్క నమ్మొద్దు. నిజంగా దొరికేది వేరే: పక్కింటాయన కన్నా మీరు ఎక్కువ కట్టలేదన్న నమ్మకం. బేరం అంటే టెన్షన్ పడేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

ఆ నమ్మకం మాత్రం ఆ రోజుకే. 2023 జనవరిలో టెస్లా అమెరికాలో మోడల్ వై లాంగ్ రేంజ్ రేటును 65,990 డాలర్ల నుంచి 52,990కి తగ్గించింది, ఒక్క రాత్రిలో 13,000 డాలర్లు. ముందు రోజు కొన్నవాడి పరిస్థితి ఊహించుకోండి. అదే నెలలో చైనాలోనూ రేట్లు తగ్గిస్తే, అంతకు కొద్దిరోజుల ముందు కొన్నవాళ్ళు షోరూమ్‌ల దగ్గర గుమిగూడి ఆందోళన చేశారు. డీలర్ల వ్యవస్థలోనూ రేట్లు తగ్గుతాయి, కాకపోతే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా, మెల్లగా తగ్గుతాయి. కంపెనీ నేరుగా అమ్మేటప్పుడు ఒక్క మీట నొక్కితే అన్నిచోట్లా ఒకేసారి తగ్గిపోతుంది, దాంతోపాటు మీరు అప్పటికే కొన్న కారుని తిరిగి అమ్మితే వచ్చే విలువ కూడా. మూడేళ్ళకోసారి కారు మార్చే అలవాటున్నవాళ్ళు దీన్ని లెక్కలో వేసుకోవాల్సిందే.

బేరం లేదంటే తగ్గింపు అసలు ఉండదని కాదు. డెలివరీకి సిద్ధంగా ఉన్న స్టాక్ కార్ల మీద, షోరూమ్‌లో తిప్పిన డెమో కార్ల మీద, మూడు నెలల లెక్క ముగిసే సమయంలో టెస్లా కూడా తగ్గిస్తుంది. వెబ్‌సైట్‌లో ఆ పేజీ విడిగా ఉంటుంది, మనకి నచ్చిన రంగు కోసం పట్టుబట్టకపోతే అక్కడ చూడటం మంచిది.

కొన్నిచోట్ల నేరుగా కొనడానికి చట్టం అడ్డు. టెస్లాకి అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ దగ్గర పెద్ద ఫ్యాక్టరీ ఉంది, 2022లో ఘనంగా ప్రారంభించారు. అయినా ఆ టెక్సస్ రాష్ట్రంలోనే కంపెనీ తన షోరూమ్ నుంచి నేరుగా అమ్మకూడదు. అక్కడి గ్యాలరీల్లో సిబ్బంది చాలాకాలం రేటు గురించి మాట్లాడటానికి గానీ టెస్ట్ డ్రైవ్ ఇవ్వడానికి గానీ వీల్లేదు, కొనాలంటే ఆన్‌లైన్‌లోనే. న్యూ మెక్సికోలో ఇంకా విచిత్రం: రాష్ట్ర చట్టం ఒప్పుకోకపోవడంతో 2021లో నాంబే ప్యూబ్లో అనే ఆదివాసీ తెగ భూమిలో, ఒకప్పటి కాసినో భవనంలో సెంటర్ తెరిచారు. తెగల భూమికి ఆ రాష్ట్ర చట్టం వర్తించదు కాబట్టి. వినడానికి సరదాగా ఉంది గానీ కొనేవాళ్ళకి ఇది ఎందుకు ముఖ్యమంటే, అమ్మకానికి అడ్డు ఉన్నచోట సర్వీస్ సెంటర్లు కూడా పల్చగానే ఉంటాయి.

డెలివరీ రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి. డీలర్ దగ్గర కారు ఇచ్చే ముందు ఎవరో ఒకరు పక్కన నిలబడి చూపిస్తారు, గీత కనిపిస్తే అక్కడే పాలిష్ చేయించి ఇస్తారు. నేరుగా అమ్మే కంపెనీల దగ్గర చాలాసార్లు యాప్‌లో 'స్వీకరించాను' అని నొక్కడమే డెలివరీ. దాన్ని నొక్కే ముందు, పగటి వెలుతురులో, చుట్టూ తిరిగి చూడండి. తలుపులకీ బానెట్‌కీ మధ్య సందులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా, పెయింట్‌లో దుమ్ము రేణువులు ఇరుక్కున్నాయా, అద్దం అంచుల్లో పగుళ్ళున్నాయా, ఛార్జింగ్ మూత సరిగ్గా మూసుకుంటోందా, సీట్లు, కిటికీలు, కెమెరాలు పనిచేస్తున్నాయా. ప్రతిదానికీ ఫోటో తీసి, లోపం ఉంటే యాప్‌లోనే రాసి, ఆ తర్వాత నొక్కండి. ముందు నొక్కేసి తర్వాత చెప్తే, అది మీ చేతిలో అయిందా ఫ్యాక్టరీలో అయిందా అన్న వాదన మొదలవుతుంది, అటువైపు వాదించేది సాఫ్ట్‌వేర్ చాట్ అయితే మీ ఓపికకి పరీక్షే.

నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చులే అనుకోకండి. టెస్లా ఒకప్పుడు ఏడు రోజుల్లో కారణం అడక్కుండా వెనక్కి తీసుకునేది, 2020లో దాన్ని ఆపేసింది. యూరోపియన్ యూనియన్‌లో పూర్తిగా ఆన్‌లైన్‌లో కుదిరిన కొనుగోలుకి మామూలుగా 14 రోజుల్లో వెనక్కి తగ్గే హక్కు ఉంటుంది, కానీ మన కోసం ప్రత్యేకంగా చేయించిన వస్తువుకి మినహాయింపు ఉంది. అందుకే ఆర్డర్ మీద చేయించే కారుకీ స్టాక్‌లోంచి తీసుకునే కారుకీ షరతులు విడివిడిగా చదవాలి.

ఇక సర్వీస్. ఈ పద్ధతి గెలిచినా ఓడినా ఇక్కడే. నేరుగా అమ్మడం ఈ శతాబ్దపు ఆలోచనేం కాదు, 1995లోనే కొరియా కార్ల కంపెనీ దేవూ బ్రిటన్‌లో డీలర్లు లేకుండా, బేరం లేని ఒకే రేటుకి, మూడేళ్ళ ఉచిత సర్వీస్ కలిపి అమ్మింది. సర్వీస్ కోసం హాల్‌ఫోర్డ్స్ అనే విడిభాగాల దుకాణాల గొలుసుతో ఒప్పందం చేసుకుంది. జనానికి నచ్చింది కూడా. అయినా కొన్నేళ్ళకే డీలర్ల వైపు వెళ్ళక తప్పలేదు. ఈమధ్య కూడా అదే కనిపిస్తోంది: నేరుగా అమ్ముతామని వచ్చిన వియత్నాం కంపెనీ విన్‌ఫాస్ట్ అమెరికాలో డీలర్లను పెట్టుకుంది, చైనా కంపెనీ ఎక్స్‌పెంగ్ సొంత దుకాణాల మీద ఆధారపడటం తగ్గించి డీలర్ల వైపు మళ్ళింది. అమెరికా ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఫిస్కర్ 2024 జనవరిలో డీలర్ల పద్ధతికి మారుతున్నానని ప్రకటించి, జూన్‌లో దివాలా పిటిషన్ వేసింది. ఆ కార్లు కొన్నవాళ్ళకి వారంటీ, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు అన్నీ ఒకేసారి ప్రశ్నార్థకమయ్యాయి. డీలర్ ఉన్నంతమాత్రాన మూతపడిన కంపెనీ వారంటీ బతుకుతుందని కాదు, కానీ నాలుగు బ్రాండ్లు అమ్మే డీలర్ తన వర్క్‌షాప్‌లో కనీసం బండి ఎత్తి చూస్తాడు.

ఎలక్ట్రిక్ కారుకి సర్వీస్ పెద్దగా అక్కర్లేదు అంటారు. ఇంజిన్ ఆయిల్ లేదు, నిజమే. మొబైల్ టెక్నీషియన్ ఇంటికే వచ్చి చేసే పనులూ, రాత్రికి రాత్రి సాఫ్ట్‌వేర్‌తో సర్దుకుపోయే లోపాలూ ఉన్నాయి, ఇవి నిజంగా మంచి సౌకర్యాలు. కానీ వెనక నుంచి ఎవడో గుద్దితే సాఫ్ట్‌వేర్ బంపర్ మార్చదు. బాడీ పనికి కంపెనీ ఒప్పుకున్న వర్క్‌షాప్ మీ దగ్గర్లో ఉందో లేదో బుకింగ్‌కి ముందే కనుక్కోండి.

## ఏజెన్సీ పద్ధతి

పైకి డీలర్ షోరూమే. అదే బోర్డు, అదే మనుషులు. కానీ కారు స్టాక్ కంపెనీది, బిల్లు కంపెనీది, రేటు కంపెనీది. షోరూమ్ ఓనర్‌కి అమ్మినదానికి ఇంత అని కమిషన్ వస్తుంది. మెర్సిడెస్ బెంజ్ భారతదేశంలో 2021 అక్టోబర్‌లో దీన్ని తెచ్చింది, ఆస్ట్రేలియాలో 2022 జనవరి నుంచి. హోండా ఆస్ట్రేలియాలో 2021 జులైలోనే మారిపోయింది.

కొనేవాళ్ళకి లాభం ఏంటంటే తిరగక్కర్లేదు. ఎక్కడ అడిగినా ఒకే రేటు, పక్క ఊరి షోరూమ్‌లో తక్కువకి ఇస్తున్నారేమోనన్న అనుమానం ఉండదు. టెస్ట్ డ్రైవ్‌కి మనిషి ఉంటాడు, సర్వీస్‌కి వర్క్‌షాప్ ఉంటుంది. కాగితం మీద చూస్తే రెండు పద్ధతుల్లోనూ మంచిదంతా ఇందులోనే ఉందనిపిస్తుంది.

ఇబ్బంది వేరేచోట. నెలాఖరున డీలర్ తన లాభంలోంచి తగ్గించి ఇచ్చే ఆ చివరి డిస్కౌంట్ ఇక రాదు, ఎందుకంటే తగ్గించడానికి అతని చేతిలో ఏమీ లేదు. ఇదివరకు మనకి మొహమాటానికైనా సాయం చేసే ఓనర్, ఇప్పుడు 'నా చేతుల్లో లేదు, కంపెనీకి మెయిల్ పెట్టండి' అనొచ్చు. అలా అంటే అతన్నీ తప్పు పట్టలేం. ఆస్ట్రేలియాలో మెర్సిడెస్ డీలర్లు తమ వ్యాపార విలువ పోయిందని 650 మిలియన్ ఆస్ట్రేలియన్ డాలర్లకి దావా వేశారు, 2023 ఆగస్టులో ఓడిపోయారు. అంత కోపంగా ఉన్న మనిషి దగ్గర మనం కారు కొంటున్నామని గుర్తుంచుకుంటే చాలు. యూరప్‌లోనూ ఉత్సాహం తగ్గింది, జాగ్వార్ ల్యాండ్ రోవర్ బ్రిటన్‌లో ఈ ఆలోచనే మానేసింది.

ఇక్కడ అడగాల్సింది ఒకటుంది: పాత కారు ఎవరు కొంటున్నారు, కంపెనీయా ఏజెంటా? చాలాసార్లు కొత్త కారు కంపెనీది, పాత కారు, యాక్సెసరీలు, ఇన్సూరెన్స్ ఏజెంటువి. అంటే బేరానికి చోటు అక్కడ మిగిలే ఉంది. కొత్త కారు మీద అడిగి నోరు నొప్పి పెట్టుకునే బదులు పాత కారు మీద గట్టిగా అడగండి.

## ఆన్‌లైన్‌లో కనిపించే డీలర్

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అమెజాన్‌లో హ్యుందాయ్ కారు కొనొచ్చు అన్న వార్త చాలామంది చూసే ఉంటారు, 2024 డిసెంబర్‌లో అమెరికాలో మొదలైంది. అక్కడ అమ్మేది అమెజాన్ కాదు, హ్యుందాయ్ కంపెనీ కూడా కాదు, స్థానిక డీలర్. కాకపోతే రేటు ముందే తెర మీద ఉంటుంది, లోన్ కాగితాలు అక్కడే పూర్తవుతాయి. కంపెనీల సొంత వెబ్‌సైట్లలో 'బుక్ చేయండి' అన్నవి కూడా చాలావరకు ఇంతే. ఫోర్డ్ 2022లో ఎలక్ట్రిక్ కార్ల కోసం డీలర్లను బేరం లేని రేట్లకి, కొత్త పెట్టుబడులకి ఒప్పించే పథకం పెట్టి, 2024లో దాన్ని ఎత్తేసింది. సగం దారి పద్ధతులు నిలబడటం అంత తేలిక కాదు.

సమయం ఆదా చేసుకోవడానికి ఇది బాగానే ఉంటుంది. జాగ్రత్త ఒక్కటే: తెర మీద చూసిన అంకె స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, డెలివరీ రోజున కొత్తగా తగిలించే ఛార్జీలు ఏమైనా కనిపిస్తే ఆ స్క్రీన్‌షాటే మీ ఆయుధం.

## ఎవరికి ఏది

బేరం చేయడం చేతకాదు, చేస్తే తలనొప్పి వస్తుంది, పైగా మీ ఇంటికి అరగంట దూరంలో కంపెనీ సర్వీస్ సెంటర్ ఉంది అంటే నేరుగా కొనేయండి. రెండో షరతు లేకుండా మొదటిదొక్కటే ఉంటే మాత్రం ఆగండి. బేరం తలనొప్పి ఒక్క రోజు, సర్వీస్ కోసం బండిని ట్రక్కు ఎక్కించి పంపడం ఆ తర్వాత ప్రతిసారీ.

చేతిలో పాత కారు ఉండి, అది కాస్త పాతబడి, ఏదో మూల డెంట్ ఉన్నదైతే డీలర్‌కే మొగ్గు. నేరుగా అమ్మే కంపెనీల అంచనా ఫోటోలు, కిలోమీటర్లు చూసి సాఫ్ట్‌వేర్ ఇచ్చేది, డెంట్ మీద దానికి జాలి ఉండదు. అమెరికాలో ఉంటే ఇంకో సంగతి: చాలా రాష్ట్రాల్లో పాత కారు మార్పిడి విలువ తీసేసిన మొత్తం మీదే అమ్మకం పన్ను వేస్తారు, కాబట్టి పాత కారుని బయట కొంచెం ఎక్కువకి అమ్మినా కొన్నిసార్లు నష్టమే. ఆ పన్ను కలిపి లెక్క వేయండి.

కారు ఈ వారమే కావాలి అనేవాళ్ళకి డీలర్ యార్డులో ఉన్నదే దిక్కు, లేదంటే నేరుగా అమ్మే కంపెనీ స్టాక్ పేజీ. రంగు, సీట్ల మెటీరియల్ మీద పట్టుదల ఉంటే ఫ్యాక్టరీ ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి, అప్పుడు ఏజెన్సీ అయినా నేరుగా అయినా పెద్ద తేడా ఉండదు.

రెండు మూడేళ్ళకి అమ్మేసేవాళ్ళు నేరుగా అమ్మే కంపెనీల రేట్ల చరిత్ర ఒకసారి చూసుకోండి. రేటుని తరచూ పైకీ కిందకీ లాగే కంపెనీ కారుని లీజుకి తీసుకోవడం మంచిది, విలువ పడిపోయే ప్రమాదం లీజు ఇచ్చినవాడి మీద ఉంటుంది. పదేళ్ళు వాడేవాళ్ళకి ఈ బెంగ అక్కర్లేదు, వాళ్ళు చూడాల్సింది విడిభాగాలు బయట వర్క్‌షాప్‌లకి దొరుకుతాయా లేదా అన్నదే.

కొత్తగా వచ్చిన కంపెనీ మీద మనసు పడితే, అది ఎలా అమ్ముతోందన్నది రెండో విషయం. అది ఎన్నాళ్ళుంటుందన్నది మొదటిది. ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెప్తా: ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కారు అదే కాబోతుంటే వద్దు. రెండో కారుగా, పోయినా తట్టుకోగలం అనుకుంటే మీ ఇష్టం. ఫోక్స్‌వ్యాగన్ తన స్కౌట్ బ్రాండ్‌ని అమెరికాలో నేరుగా అమ్ముతానని 2024 అక్టోబర్‌లో చెప్పింది, డీలర్లు కోర్టుకెక్కారు. వెనక పెద్ద కంపెనీ ఉంది కాబట్టి మూతపడే భయం తక్కువే, కానీ మీ ప్రాంతంలో అమ్మనిస్తారా లేదా అన్నది తేలేదాకా తొందరపడి ఎక్కువ డబ్బు అక్కడ ఇరికించుకోవద్దు.

బుకింగ్ అమౌంట్ కట్టే ముందు, ఏ పద్ధతైనా సరే, ఈ నాలుగూ మెయిల్‌లో రాసి అడగండి: బిల్లు ఏ సంస్థ పేరు మీద వస్తుంది, బుకింగ్‌కీ డెలివరీకీ మధ్య రేటు తగ్గితే నాకు వర్తిస్తుందా, రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుంది, నా చిరునామాకి దగ్గర్లో వారంటీ పని, బాడీ పని చేసే వర్క్‌షాప్ ఏది. నోటితో చెప్పే జవాబులు లెక్కలోకి తీసుకోకండి, ఆ మెయిల్‌కి జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.